స్పైరల్ వేరు, హెలిక్స్ వేరు

గెలాక్సీల గురించి పోయిన సంచికలో వేసిన వ్యాసంలో ‘సర్పిలం’ అన్న మాట చూసి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు చాలామంది ఉత్తరాలు రాశారు. చుట్టలు తిరిగిన ఆకారాలకు శాస్త్రంలో ఇన్ని పేర్లు ఎందుకున్నాయి, అవి ఎక్కడి నుంచి వచ్చాయి అన్నదే ఎక్కువమంది అడిగింది. ఒకే తరహా ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బైపీసీ పుస్తకంలో డీఎన్‌ఏది ‘ద్వికుండలి’ నిర్మాణం అని చదివాను. గెలాక్సీని మీరు ‘సర్పిలం’ అన్నారు. ఇంగ్లిష్‌లో ఒకటి హెలిక్స్, ఇంకొకటి స్పైరల్. రెండూ ఒకటే కాదా? ఈ మాటలు ఎలా పుట్టాయి?
– ఇంటర్ విద్యార్థిని, టెక్కలి

జవాబు: ఒకటి కాదు. స్పైరల్ బల్లపరుపుగా ఉంటుంది. దాని నడుమ ఒక బిందువు ఉంటుంది, తిరిగే కొద్దీ గీత ఆ బిందువు నుంచి దూరం జరుగుతూ పోతుంది. హెలిక్స్ నడుమ ఉండేది బిందువు కాదు, ఇరుసు. గీత ఆ ఇరుసుకు ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటూ దాని పొడవునా ముందుకు సాగుతుంది. దోమల కాయిల్ స్పైరల్, మరమేకు మీది మర హెలిక్స్. ఈ లెక్కన జిరాక్సు షాపులో వేసే ‘స్పైరల్ బైండింగ్’ తీగ హెలిక్సే. ‘స్పైరల్ మెట్లు’ కూడా అంతే. వాడుకలో ఆ పేర్లు స్థిరపడిపోయాయి, వాటిని మార్చనక్కర్లేదు. గణితంలో, జీవశాస్త్రంలో రాసేటప్పుడు మాత్రం తేడా పాటించాలి.

స్పైరల్‌కు మూలం గ్రీకు ‘స్పెయిరా’. చుట్టిన తాడుకూ, చుట్టుకుని పడుకున్న పాముకూ గ్రీకులు ఆ మాట వాడేవారు. అది లాటిన్‌లో ‘స్పైరా’ అయి, అక్కడి నుంచి ‘స్పైరాలిస్’ అనే విశేషణం వచ్చి, ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లో చేరింది. హెలిక్స్ కూడా గ్రీకే. తిప్పడం, చుట్టడం అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టింది. మెలి తిరిగినది ఏదైనా వాళ్లకు హెలిక్సే, గోడలకు అల్లుకునే ఐవీ తీగతో సహా. ఆ తీగ శాస్త్రీయ నామం ఈనాటికీ హెడెరా హెలిక్స్.

ఇక్కడే చిక్కు మొదలైంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఆర్కిమెడిస్ ఒక వక్రరేఖను నిర్వచించాడు. ఒక గీత ఒక కొస కదలకుండా సమవేగంతో గుండ్రంగా తిరుగుతుంటే, దాని మీద ఒక బిందువు కూడా సమవేగంతో బయటికి జరుగుతుంటే, ఆ బిందువు వదిలే జాడ అది. ఈనాటి లెక్కలో అది స్పైరల్. ఆర్కిమెడిస్ గ్రీకులో దాన్ని పిలిచింది మాత్రం ‘హెలిక్స్’ అని. ఇరుసు చుట్టూ పైకి ఎక్కే ఆకారానికి గ్రీకులు నత్త పేరు పెట్టి ‘కోఖ్లియాస్’ అనేవారు. అంటే పాత గ్రీకు గ్రంథంలో హెలిక్స్ అని కనిపిస్తే బొమ్మ చూడకుండా నేటి అర్థం తీసుకోకూడదు. బల్లపరుపుది స్పైరల్, ఇరుసు చుట్టూ తిరిగేది హెలిక్స్ అన్న పంపకం తరవాతి కాలపు గణితవేత్తలు చేసుకున్నది.

మన మాటలు రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. సర్పిలం పాము పేరులోని పాకడం అనే ధాతువు నుంచి, కుండలి వలయం లేదా తాడుచుట్ట అనే అర్థమున్న ‘కుండలం’ నుంచి వచ్చాయి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో డీఎన్‌ఏకు ద్వికుండలి అనీ, ద్విసర్పిలం అనీ రెండు రకాలుగానూ రాస్తున్నారు. హెలిక్స్‌కు కుండలి, స్పైరల్‌కు సర్పిలం అని నిలబెట్టుకోవడమే మేలని మా అభిప్రాయం. అప్పుడు మీలాంటి విద్యార్థికి ఈ సందేహమే రాదు.

స్పైరల్స్‌లో కూడా రెండు ముఖ్య రకాలున్నాయి. దోమల కాయిల్‌లో చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం ఎప్పుడూ ఒకటే. ఇది ఆర్కిమెడిస్ స్పైరల్. రెండోదాంట్లో ప్రతి చుట్టుకూ దూరం ఇన్ని రెట్లు అన్న లెక్కన పెరుగుతుంది. దీన్ని లాగరిథమిక్ స్పైరల్ అంటారు. 1638లో దెకార్త్ దీన్ని వర్ణించాడు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు చెందిన జేకబ్ బెర్నూలీకి ఇది ఎంత నచ్చిందంటే, తన సమాధి రాయి మీద చెక్కమని కోరాడు. దీన్ని ఎంత పెద్దది చేసినా, చిన్నది చేసినా ఆకారం మారదు. అదే ఆయన్ని కట్టిపడేసిన గుణం. 1705లో ఆయన పోయాక రాతిపనివాడు చెక్కింది మాత్రం ఎడం మారని ఆర్కిమెడిస్ రకాన్ని. ఆ రాయి ఇప్పటికీ అలాగే ఉంది.

నాటిలస్ అనే సముద్ర జీవి గుల్ల ఈ రెండో రకానికి చెందినది. దాన్ని ‘గోల్డెన్ స్పైరల్’ అని చూపించే బొమ్మలు చాలా తిరుగుతున్నాయి, అవి తప్పు. గోల్డెన్ స్పైరల్ ఒక పూర్తి చుట్టుకు 6.85 రెట్లు పెరుగుతుంది. నాటిలస్ పెరిగేది సుమారు 3 రెట్లే. గెలాక్సీ చేతులు కూడా ఉరమరగా లాగరిథమిక్ రకమే. ఒక గెలాక్సీలో స్పైరల్ ఆకారాన్ని మొదట గుర్తించింది ఐర్లండ్‌లో లార్డ్ రాస్, 1845లో, 72 అంగుళాల అద్దమున్న టెలిస్కోపుతో. ఆయన చూసింది ఎం51 గెలాక్సీని.

హెలిక్స్‌ను చేతులారా చేసి చూడాలంటే 2.5 సెం.మీ. వ్యాసమున్న పైపు ముక్క తీసుకోండి. దాని చుట్టుకొలత 7.85 సెం.మీ. అడుగు 23.5 సెం.మీ., ఎత్తు 9 సెం.మీ. ఉండేలా లంబకోణ త్రిభుజం కత్తిరించి, కర్ణానికి రంగు పూయండి. ఎత్తు అంచును పైపుకు నిలువుగా అంటించి కాగితాన్ని చుట్టండి. రంగు అంచు 3 చుట్లు తిరిగిన హెలిక్స్ అవుతుంది. ఒక్కో చుట్టుకు 3 సెం.మీ. ఎక్కుతుంది, దీన్నే ‘పిచ్’ అంటారు. అడుగు అంచు ఒకే మట్టంలో తన మీద తానే పడుతూ చుట్టుకోవాలి. అది పక్కకు జారితే పిచ్ చుట్టుకో రకంగా వస్తుంది. డీఎన్‌ఏలో ఈ పిచ్ 3.4 నానోమీటర్లు, వ్యాసం 2 నానోమీటర్లు. 1953 ఏప్రిల్‌లో వాట్సన్, క్రిక్ ప్రకటించిన నమూనా అది.

ప్రశ్న: మాది కొబ్బరి పీచు తాళ్ల పని. పేటల్ని ఒకవైపు పురి తిప్పి, తాడును దానికి ఎదురు పురిలో పేనుతాం. దీనికి శాస్త్రంలో పేరుందా? కుడి పురి, ఎడమ పురి అని ఎలా నిర్ణయిస్తారు?
– కవిటి మండలం నుంచి ఒక పాఠకుడు

జవాబు: తాడును నిలువుగా పట్టుకుని మీకు ఎదురుగా ఉన్న పేటను చూడండి. అది కింద ఎడమ నుంచి పైన కుడికి ఎక్కుతుంటే కుడి హెలిక్స్, కింద కుడి నుంచి పైన ఎడమకు ఎక్కుతుంటే ఎడమ హెలిక్స్. తాడును తలకిందులు చేసినా ఈ గుర్తు మారదు. అందుకే ఇది నమ్మకమైన పరీక్ష. నూలు మిల్లుల్లో, తాళ్ల వ్యాపారంలో కుడి పురిని జెడ్ అనీ ఎడమ పురిని ఎస్ అనీ అంటారు. ఆ ఇంగ్లిష్ అక్షరాల నడిమి గీత ఎటు వాలి ఉంటుందో పురి కూడా అటే వాలి ఉంటుంది. పొందూరు రాట్నం మీద వడికే నూలుకైనా, జనపనార పురికొసకైనా ఇదే గుర్తు.

ఎదురు పురి ఎందుకంటే, పురి తిప్పిన పేట ఎప్పుడూ విప్పుకోవాలనే చూస్తుంది. తాడును ఎదురు దిశలో పేనితే పేట విప్పుకునే బలం తాడును ఇంకా బిగిస్తుంది. తాడు విప్పుకోబోతే పేటల పురి ఎక్కువై అడ్డుపడుతుంది. రెండు బలాలూ సరితూగిన చోట తాడు నిలకడగా ఉంటుంది. రెండింటినీ ఒకేవైపు తిప్పితే చెయ్యి వదలగానే పేటలు విడిపోతాయి. పేటకు పురి చాలకపోతే పీచు పోగులు ఒకదాని మీద ఒకటి జారి, లాగినప్పుడు తాడు సాగి తెగుతుంది. పురి మరీ ఎక్కువైతే వదులు చేసిన చోటల్లా మెలికలు పడతాయి, మెలిక పడ్డ చోట మళ్లీ లాగితే పోగులు విరుగుతాయి. కుడి పురి తాడును చుట్ట చుట్టేటప్పుడు గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి, లేకపోతే ప్రతి చుట్టుకూ కొంత పురి విడిపోతుంది.

నేల మీద బల్లపరుపుగా చుట్టిన తాడు పొడవు విప్పకుండానే చెప్పవచ్చు. చుట్ట వ్యాసార్ధాన్ని వ్యాసార్ధంతో గుణించి, 3.14తో హెచ్చించి, తాడు మందంతో భాగించండి. 1 సెం.మీ. తాడు, చుట్ట వ్యాసార్ధం 10 సెం.మీ. అయితే 314 సెం.మీ. చుట్ల మధ్య సందులుంటే అసలు పొడవు దీనికంటే తగ్గుతుంది.

మీరు చేసే పనిని ఒంట్లో కొల్లాజెన్ అనే ప్రోటీన్ చేస్తోంది. చర్మం, ఎముక, కండరాన్ని ఎముకకు కట్టే టెండన్లు దీనితోనే గట్టిపడతాయి. దాని మూడు పోగుల్లో ఒక్కోటి ఎడమ హెలిక్స్. మూడూ కలిసి పేనుకున్నది కుడి హెలిక్స్. ఈ మూడు పేటల నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. సి విటమిన్ అందకపోతే ఈ పేటలు గట్టిగా పట్టుకోలేవు. స్కర్వీ జబ్బులో చిగుళ్ల నుంచి రక్తం కారడానికి కారణం అదే.

ప్రశ్న: హెలికాప్టర్, హీలియం, హెలికోబాక్టర్ – మూడూ హెలిక్స్ నుంచి వచ్చినవేనా? రెస్పిరేషన్‌లోని ‘స్పైర్’ స్పైరల్‌కు బంధువా?
– ఉపాధ్యాయుడు, గజపతినగరం

జవాబు: హెలికాప్టర్ అవును. దాన్ని హెలి, కాప్టర్ అని విరవకూడదు. ‘హెలికో’ అంటే మెలి తిరిగిన, ‘ప్టెరాన్’ అంటే రెక్క. 1861లో ఫ్రాన్స్‌లో పోంతోన్ దామెకూర్ ఈ పేరు కట్టాడు. హెలికోబాక్టర్ కూడా అవును. కడుపులో పుండ్లకు కారణమయ్యే ఈ మెలి తిరిగిన బాక్టీరియాకు 1989లో ఆ పేరు పెట్టారు. దీన్ని కనుగొన్న మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. హీలియం మాత్రం కాదు, అది సూర్యుడి గ్రీకు పేరు ‘హీలియోస్’ నుంచి వచ్చింది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు నుంచి చూశాడు. హీలియం కథ మొదలైంది ఆ ఏడాది సూర్యకాంతి పరిశీలనలతోనే. సన్‌ఫ్లవర్ శాస్త్రీయ నామం హీలియాంథస్ కూడా సూర్యుడిదే, ఆ పువ్వులో గింజలు స్పైరల్‌గా అమరడం కాకతాళీయం. రెస్పిరేషన్‌లో ఉన్నది ఊపిరి తీయడం అనే అర్థమున్న లాటిన్ ‘స్పిరారే’. స్పైరల్‌తో దానికి చుట్టరికం లేదు.

ప్రశ్న: సైక్లోన్ అంటే చక్రమని ఒకరు, పాము చుట్ట అని ఒకరు చెబుతున్నారు. ఏది నిజం? గాలి నిజంగా చుట్ట తిరుగుతుందా? ఒడ్డున ఉన్నవాళ్లకు అది ఎలా తెలుస్తుంది?
– మత్స్యకార పాఠకుడు, వజ్రపుకొత్తూరు

జవాబు: ఇద్దరూ చెప్పింది నిజమే. ఈ మాట బంగాళాఖాతం తుఫానుల కోసమే పుట్టింది. కలకత్తాలో ఓడ ప్రమాదాల మీద విచారణ జరిపే కోర్టులో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్, మునిగిన ఓడల, బతికి వచ్చిన ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించుకుని, ఏ గంటకు ఏ ఓడకు గాలి ఎటు నుంచి వీచిందో పటం మీద పెట్టి చూసేవాడు. 1848లో నావికుల కోసం అచ్చువేసిన పుస్తకంలో ఆయన ‘సైక్లోన్’ అనే పేరు ప్రతిపాదించాడు. చక్రం, వలయం అనే అర్థాలున్న గ్రీకు పదకుటుంబం అది, పాము చుట్ట అనే అర్థం కూడా అందులో ఉందని ఆయనే రాశాడు. గాలి ఖచ్చితమైన వృత్తంలో తిరుగుతుందని అప్పటికి రుజువు కాలేదు. అందుకని వృత్తమని ఒట్టేయకుండా, చుట్టు తిరిగే స్వభావాన్ని మాత్రం చెప్పే మాట కావాలనుకున్నాడు. ఆ జాగ్రత్త ఫలించింది. ఉపగ్రహ చిత్రాల్లో మనం చూస్తున్నది వృత్తాలను కాదు, లోపలికి చొచ్చుకుపోయే స్పైరల్‌ను.

గాలి అలా తిరగడానికి మూడు కారణాలు కలుస్తాయి. నడుమ పీడనం తక్కువ కాబట్టి గాలి అటు దూసుకుపోబోతుంది. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో ఆ గాలి తన కుడిచేతి వైపు మళ్లుతుంది. ఈ రెండే ఉంటే గాలి కేంద్రం చుట్టూ అపసవ్యంగా, అంటే గడియారానికి ఎదురు దిశలో, గుండ్రంగానే తిరిగేది. సముద్రపు ఉపరితలం రాపిడి వేగాన్ని కాస్త తగ్గిస్తుంది కాబట్టి, వృత్తం నుంచి సుమారు 20 డిగ్రీలు లోపలికి వాలుతుంది. నేల మీద రాపిడి ఎక్కువ, వాలు కూడా ఎక్కువ.

ఒడ్డున తెలుసుకునే పద్ధతి ఇది. గాలికి వీపు పెట్టి నిలబడి ఎడమ చేయి చాచండి, ఆ చేతిని 20, 30 డిగ్రీలు ముందుకు జరపండి. తుఫాను కేంద్రం ఆ వైపున ఉంటుంది. ఇళ్ల సందుల్లో, సరుగుడు తోటల చాటున గాలి దిక్కు మారిపోతుంది. బయలు ప్రదేశంలోనే చూడాలి, లేదా కింది మబ్బుల నడక చూడాలి. కేంద్రం ఆగ్నేయం నుంచి మన వైపు వస్తుంటే ముందు ఈశాన్య, ఉత్తర ఈశాన్య గాలి మొదలవుతుంది. ఆ తరవాత అది ఎటు తిరుగుతుందన్నది ముఖ్యం. ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి మళ్లితే కేంద్రం మీకు దక్షిణంగా దాటుతోంది. అప్పుడు మీరు బలమైన పక్కన ఉన్నారు, గాలి సముద్రాన్ని మీ మీదికి తోస్తుంది, ఉప్పెన భయం ఉంది. ఉత్తరానికి, వాయవ్యానికి మళ్లితే కేంద్రం మీకు ఉత్తరంగా పోతోంది. గాలి దిక్కు మారకుండా బలం మాత్రం పెరుగుతుంటే కేంద్రం నేరుగా మీ మీదికే వస్తున్నట్టు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు, కేంద్రానికి ఈశాన్యాన ఉన్న ఊళ్లకూ నైరుతిన ఉన్న ఊళ్లకూ గాలి వేరువేరు దిక్కుల నుంచి తగలడానికి కారణం ఇదే.

కేంద్రం మీద నుంచే పోతే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అది తుఫాను కన్ను. అది దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో కొడుతుంది. మొదటి గాలికి వదులైన పైకప్పులు, చెట్లు ఆ రెండో దెబ్బకు పడతాయి. గాలి ఆగిందని వలలు, పడవలు చూసుకోవడానికి బయటికి వచ్చినవాళ్లే అప్పుడు ప్రమాదంలో పడతారు. చేతి లెక్క దిక్కు తెలుసుకోవడానికే. బయలుదేరాలా, ఉండాలా అన్నది వాతావరణ శాఖ హెచ్చరికను బట్టే తేల్చుకోవాలి.

ప్రశ్న: దక్షిణావర్త శంఖం అని ఒకటి అమ్మజూపారు. సైన్సు పుస్తకంలో దాన్ని ‘ఎడమ చుట్టు’ అన్నారు. ఇదేమి తిరకాసు? ఇంతకీ శంఖం స్పైరలా, హెలిక్సా?
– కళింగపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పట్టుకునే తీరులో తేడా. శాస్త్రవేత్తలు చుట్లు మొదలైన మొనను పైకి పెట్టి, నోటిని తమ వైపు తిప్పుకుంటారు. నోరు కుడిచేతి వైపు ఉంటే కుడి చుట్టు, ఎడమ వైపు ఉంటే ఎడమ చుట్టు. మన సంప్రదాయంలో మొన కిందికి, కాలువలా సాగిన సన్నని కొస పైకి ఉంటుంది. అలా తిప్పగానే కుడి ఎడమలు తారుమారవుతాయి. కాబట్టి మామూలు శంఖం మనకు వామావర్తం, వాళ్లకు కుడి చుట్టు. అసలైన దక్షిణావర్తం వాళ్లకు ఎడమ చుట్టు.

మన తీరంలో దొరికే పూజా శంఖం, టర్బినెల్లా పైరం, పుట్టుకతో కుడి చుట్టు జాతి. అందులో ఎడమ చుట్టుది చాలా అరుదు. అమెరికా అట్లాంటిక్ తీరంలో లైట్నింగ్ వెల్క్ అనే వేరే జాతి ఉంది, దానికి ఎడమ చుట్టే సహజం. దాన్ని తెచ్చి దక్షిణావర్తమని పెద్ద ధరకు అమ్ముతుంటారు. నోట్లోకి వెలుతురు వేసి నడిమి ఇరుసును చూడండి. మన శంఖానికి అక్కడ 3 లేక 4 అడ్డ మడతలు గట్టుల్లా ఉంటాయి, వెల్క్‌కు నున్నగా ఉంటుంది. మడతలు లేకపోతే కొనవద్దు.

శంఖం స్పైరలా హెలిక్సా అని కూడా మీరు అడిగారు. అది రెండూ. తిరిగే కొద్దీ ఇరుసు నుంచి దూరం జరుగుతుంది, ఇరుసు వెంట కిందికీ దిగుతుంది. గణితంలో దీనికి ‘కాంకోస్పైరల్’ అని విడిగా పేరుంది. చుట్టు ఎటు తిరగాలన్నది పిండంలో 4 కణాలు 8 అయ్యే వేళకే తేలిపోతుంది. చెరువు నత్తల మీద చేసిన పరిశోధనల్లో, అది పిల్ల సొంత జన్యువులను బట్టి కాక తల్లి జన్యువులను బట్టి ఉంటుందని 1923లోనే తేలింది.

ప్రశ్న: మా పాపకు కాక్లియర్ ఇంప్లాంట్ చెయ్యాలన్నారు. కాక్లియా అంటే ఏమిటి?
– విజయనగరం నుంచి ఒక తల్లి

జవాబు: లాటిన్‌లో ‘కాక్లియా’ అంటే నత్త. పైన చెప్పిన గ్రీకు కోఖ్లియాస్ కుటుంబమే. 16వ శతాబ్దంలో ఇటలీ శరీరశాస్త్రవేత్త ఫాలోపియో లోపలి చెవిలోని ఈ భాగానికి ఆ పేరు పెట్టాడు. తెలుగులో కర్ణావర్తం అంటారు. సుమారు 35 మి.మీ. పొడవున్న గొట్టం రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. సన్నని, కీచు శబ్దాలు మొదటి చుట్టులో, బొంగురు శబ్దాలు చివరి చుట్టులో పట్టుబడతాయి. ఇంప్లాంట్ తీగను మొదటి చుట్టు వైపు నుంచి లోపలికి పంపుతారు. దెబ్బతిన్న వినికిడి కణాలను దాటేసి అది నేరుగా నాడికి సంకేతం ఇస్తుంది. పాపకు మాటలు రావాలంటే శస్త్రచికిత్సతో పని అయిపోదు, తరవాత స్పీచ్ థెరపీకి క్రమం తప్పకుండా తీసుకెళ్లాలి. అది మానేస్తే యంత్రం ఉన్నా శబ్దాలు మాటలుగా బోధపడవు.

ప్రశ్న: ఆనప తీగ నులితీగ సగం దాకా ఒకవైపు, అక్కడి నుంచి ఎదురువైపు చుట్టుకుని ఉంది. ఇది తెగులా?
– బొబ్బిలి నుంచి ఒక రైతు

జవాబు: తెగులు కాదు. నులితీగ ముందు కొసతో కర్రను పట్టుకుంటుంది. అప్పటికి దాని రెండు కొసలూ కట్టుబడిపోయాయి. రెండు కొసలూ కదలని తీగను ఒకేవైపు చుట్టాలంటే అది తనలో తాను మెలిపడాలి. ఆ మెలి పడకుండా ఉండాలంటే ఎన్ని చుట్లు కుడికి తిరిగితే దాదాపు అన్ని చుట్లు ఎడమకు తిరగాలి. చార్లెస్ డార్విన్ 1865లో దీన్ని గమనించి కారణం వివరించాడు. బీర, కాకర, పొట్ల పాదుల్లోనూ ఇలాగే ఉంటుంది. ఇలా చుట్టుకున్న నులితీగ గాలికి స్ప్రింగులా సాగి ముడుచుకుంటుంది కాబట్టి కాయ బరువుకు తెగదు. కొసకు ఏదీ దొరకని నులితీగ మాత్రం ఒకేవైపు చుట్టుకుని ఎండిపోతుంది. అలాంటివి ఎక్కువగా కనిపిస్తే పందిరికి పట్టు చాలడం లేదని గుర్తు. లావు వెదురుకు బదులు అక్కడక్కడా పురికొస లేదా పెన్సిల్ కంటే సన్నని పుల్లలు కట్టండి.

చిక్కుడుది వేరే పద్ధతి. దానికి నులితీగలుండవు, కాండమే కర్రను కుడి హెలిక్స్‌గా చుట్టుకుంటుంది. చుట్టుకుని ఎక్కే తీగల్లో పదింట తొమ్మిది అలాంటివే. మొదట్లో చేత్తో ఎక్కించేటప్పుడు కర్రకు ఎదురుగా ఉన్న తీగ కింద ఎడమ నుంచి పైన కుడికి పోయేలా చుట్టండి. ఎదురు చుట్టితే రెండు రోజుల్లో విప్పుకుని జారిపోతుంది, బిగించి కట్టేస్తే కట్టిన చోట నలిగి కుళ్లుతుంది.